బీగం తీయని పెట్టెలో గుర్రం కథ

వారం రోజులు కూర్చుని వినవలసిన మహాకథ చెబుతానని మొదలుపెడదామనుకున్నాను. అంత లేదు. ఇది ఒక మధ్యాహ్నం అరగంటలో జరిగింది. అందులో పావుగంట తనిఖీకొచ్చిన అధికారిగారు మజ్జిగ తాగారు. దయ్యాలను నేనేనాడూ నమ్మలేదు. శ్మశానం పక్కన చింతచెట్టు కింద నిద్రపోయినవాణ్ణి. అక్కడ నన్ను పట్టుకున్నవి ఎర్రచీమలే.

కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజులవి. ఊరూరా పిల్లల గ్రంథాలయాలు పెట్టాలని తిరిగే కుర్రవాళ్లలో నేనొకణ్ణి. నందికొట్కూరు దగ్గరి ఒక పల్లె చావడిలో, అరవై పుస్తకాల ఇనప్పెట్టె పెట్టి మూడు నెలలు నడిపాను. నడిపానంటే, దానికి బీగం వేసి పక్కన కూర్చున్నాను. శనక్కాయలు ఒలిచిన చేతులతో ముట్టుకుంటే కొత్త పుస్తకాలు మాసిపోతాయని నా భయం. పిల్లలు రోజూ వచ్చేవాళ్లు. ఏదో ఒక జోకు వేసి పంపేసేవాణ్ణి. నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు తలెత్తుకోలేను.

అంతలో తనిఖీ అధికారి వస్తున్నారని, చదివేవాళ్లు లేకపోతే పెట్టెను మరో ఊరికి మారుస్తారని కబురొచ్చింది. మూడు నెలల రిజిస్టరు ఆ ఒక్క పొద్దున రాశాను. నిజం పేర్లు రాస్తే ఆ పిల్లలు కాదంటారు గదా, అందుకని కల్పించాను. ఐదో పేరుకే విసుగొచ్చింది. ఇక చదివినట్టు చూపదలిచినవాటిలో మిగిలిన తొమ్మిది పుస్తకాలూ 'మద్దమ్మ, తండ్రి మద్దిలేటి' అనే పిల్ల చేతే చదివించాను.

అధికారి వచ్చారు. కుర్చీ లేక ఆ పెట్టె మీదే కూర్చున్నారు. రిజిస్టరు తిప్పి, "ఈ మద్దమ్మను పిలిపించండి" అన్నారు.

తలారి ఎల్లప్ప నా వైపు తిరిగి తల గోక్కున్నాడు. "ఏ మద్దమ్మప్పా? ఈడ మద్దిలేట్లు నలుగురుండారు. నలుగురికీ మగపిల్లోళ్లే."

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు గడపలోంచి, "నేనే సార్" అని వినిపించింది. ఎనిమిదేళ్ల పిల్ల. చేతుల నిండా శనక్కాయ పొట్టు. వెనకాల, నేను రోజూ పంపేసే పిల్లలంతా ఉన్నారు.

రిజిస్టరులో ఆఖరి పుస్తకం గుడ్డి గుర్రం కథ. అది చెప్పమన్నారు అధికారి. తడుముకోకుండా చెప్పింది. "ఆఖర్న గుర్రం ఇంటికొస్తాదని అనుకుంటాం సార్. రాదు. ఆ యజమానే గుర్రం ఉండే కాడికి పోతాడు."

"శభాష్. నీకింకేం కావాలమ్మా?"

"నాకేం వద్దు సార్. ఈ పిల్లోళ్లకు గూడా ఇప్పించండి. దినామూ వచ్చి పోతాండారు."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. జోకు వేద్దామని నోరు తెరిచాను, ఒక్కటీ రాలేదు. పిల్లలు అంతగా రావడాన్ని అధికారి నా గొప్ప కింద రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఆయన్ని సాగనంపి తిరిగి చూస్తే గడపలో ఆ పిల్ల లేదు.

"ఎవురి పాపప్పా అది? ఈ ఊరి పాప కాదే" అన్నాడు ఎల్లప్ప. పిల్లలూ అదే అన్నారు. అందరూ చూశారు, ఎవరూ ఎరగరు. చుట్టుపక్కల పల్లెల్లోనూ అడిగాను. లేదు.

పెట్టె తీశాను. గుర్రం పుస్తకం అడుగున, అచ్చుకూటం వాళ్లు కట్టిన పురికొస ముడితోనే ఉంది. అంచులు కోయని పుస్తకం. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, చాకుతో కోస్తే గాని చదవలేం. నేనే చదవలేదు. కోసి చూశాను. గుర్రం ఇంటికి రాలేదు. యజమానే వెళ్లాడు.

ఇంకెక్కడో మరో ప్రతి చదివి ఉంటుందిలే అన్నాడొక మిత్రుడు. సరే. నేను ఆ పొద్దున కల్పించిన పేరుకు 'నేనే' అని ఎలా పలికింది? నాకిప్పటికీ తెలియదు. నా అబద్ధాన్ని నిలబెట్టి, నన్ను పట్టివ్వకుండా పోయింది. అదే మింగుడు పడదు.

ఆ రోజు నుంచి పెట్టెకు బీగం వేయలేదు. గ్రంథాలయం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తెరిచి ఉంటుంది. శుక్రవారం సెలవు.