నలగని నిమ్మకాయలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నేను కాదు, మా బాపు కొన్న కారు. మాదన్నపేటలో మాకు బర్రెలుండేవి. ఎడ్లబండి మీద పాల క్యాన్లు నయాపూల్ చేరేసరికి పొద్దెక్కిపోతోందని బాపు బండి అమ్మేసి, ఎవరో వాడి వాడి వదిలేసిన పాత కారు కొన్నాడు. మా తాత వద్దంటే వద్దన్నాడు. వయసులో ఉన్నప్పుడు లారీ నడిపిన మనిషి, పాత ఇంజన్లు పెట్టే బాధ ఆయనకు తెలుసు. బాపు వింటేగా! అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా నడుమ నన్ను నిలబెట్టి, "మీ తాతకు చెప్పు", "మీ బాపుకు చెప్పు" అంటూ నా ప్రాణం తీసేవాళ్లు.

ఆ రోజు దసరా. బాపు తెల్లారుతూనే కారు కడిగాడు. పైపైన కడిగితే ఆయనకు తృప్తి ఉండదు కదా, బానెట్ లేపి ఇంజన్ మీద బకెట్లకు బకెట్లు కుమ్మరించాడు. దండ వేశాడు. కనపడ్డ ప్రతి ఇనుప ముక్కకూ పసుపు రాసి బొట్టు పెట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. కారు కదిలి వాటిని తొక్కితేనే పూజ అయినట్టు. అటునుంచి అటే నయాపూల్‌లో మిఠాయి దుకాణానికి పాలు పోసి రావాలి. అంతకుముందు ఒకసారి ఆలస్యమైతే, పండగనాడు కూడా ఇలాగే చేస్తే పాలు ఇంకొకరి దగ్గర తీసుకుంటానని ఆ సేటు మొహం మీదే అన్నాడు. మా ఇల్లు నడిచేదే ఆ దుకాణంతో.

బాపు సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ అంతే. గల్లీలో వాళ్లంతా చుట్టూ మూగారు. పెట్రోల్ రావడం లేదని ఒకరు, బ్యాటరీ పోయిందని ఒకరు. సెల్ఫ్ తిరుగుతుంటే బ్యాటరీ ఎలా పోతుందని అడిగేవాళ్లే లేరు.

"నూకితే అందుకుంటది అన్నా, ఫికర్ జెయ్యకు, మేమున్నం గదా," అంటూ పక్కింటి భాయ్ చొక్కా చేతులు పైకి మడిచి కారు వెనక్కి పోయాడు.

"ఏయ్, నూకుడు వద్దు!" అని బాపు అరిచాడు. "నిమ్మకాయలు ఇంజన్ జోరుకు నలగాలె. మనుషులు నూకితే నలిగినయంటే గదేం పూజ!"

ఎండ ఎక్కుతోంది. డిక్కీలో పాలున్నాయి. రిక్షా కోసం వెళ్లినవాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. బాపు కారు అమ్మినవాణ్ణి తిట్టాడు, కారును తిట్టాడు, అడ్డం నిలబడ్డానని నన్నూ తిట్టాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపం వచ్చింది. బాపు మీద కాదు. అరుగు మీద కూర్చుని తీరిగ్గా చాయ్ తాగుతున్న మా తాత మీద. చేతనైన మనిషి అలా చూస్తూ కూర్చుంటే ఒళ్లు మండదా? తిన్నగా ఆయన దగ్గరికి పోయి, "తాతా, బాపు నిన్ను రమ్మంటుండు," అన్నాను. ఎవరూ పంపని కబురు మోయడం నాకదే మొదటిసారి. తాత నన్ను ఎగాదిగా చూసి, కప్పు పక్కన పెట్టి లేచాడు.

కారు దగ్గర ఇద్దరూ మోచేతులు తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. అయినా తాత నాతోనే అన్నాడు, "మీ బాపుకు చెప్పు, సెల్ఫ్ కొట్టుమని."

ఒక ప్లగ్గు ఊడదీసి, దాని వైరు దానికే తగిలించి, ఇంజన్ ఇనుము మీద ఆనించి చూశాడు. బాపు సెల్ఫ్ కొట్టినా ప్లగ్గు కొసన రావాల్సిన నిప్పురవ్వ రాలేదు.

"కాయిల్ పోయింది!" బాపు నెత్తి కొట్టుకున్నాడు. "పాడైన కారు అంటగట్టిండు దొంగనాకొడుకు!"

"పోయిందని ఎవలు జెప్పిండ్రు? చూసినంక తిట్టుమను," అన్నాడు తాత.

కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే లావు వైరు కొసను పొడిగుడ్డతో పట్టుకుని ఇనుముకు దగ్గరగా పెట్టాడు. బాపు మళ్లీ సెల్ఫ్ కొడితే చిటుక్కుమని నీలం రవ్వ దూకింది. "కాయిల్ మంచిగనే ఉన్నది. ఈడిదాంక వస్తున్నది, ప్లగ్గుకాడ లేదు. నడుమ ఏమున్నది బిడ్డా?" అని నన్నడిగాడు. నేను వైర్లన్నీ కలిసే నల్ల డబ్బాను చూపించాను. ప్లగ్గులకు కరెంటు పంచేది అదే. తాత దాని క్లిప్పులు విప్పి మూత తీశాడు.

లోపల కరెంటును దారి తప్పించే నీటి చుక్కలు. నడుమ తిరిగే ముక్క మీద, ఇంకా తడి ఆరని పసుపు, దాని మధ్యలో కుంకుమ బొట్టు. మా బాపు భక్తి అది. మూత విప్పి మరీ పెట్టాడు.

అది చెప్పబోయి నేను నోరు తెరిచాను. తాత కాలితో నా కాలు నొక్కాడు. గల్లీ అంతా చూస్తోంది. "నేను ముందే చెప్పిన గదా" అనడానికి అంతకు మించిన సమయం ఆయనకు దొరకదు. ఆయన మాత్రం మనుషులకు అడ్డంగా జరిగి, పండగకు కొన్న తెల్ల కండువాతో ఆ బొట్టునూ నీళ్లనూ శుభ్రంగా తుడిచి, మూత పెట్టి, ఊడదీసిన ప్లగ్గునూ వైర్లనూ మళ్లీ బిగించాడు.

"ఏముండె లోపల?" భాయ్ అడిగాడు.

"ఏముంటది, తేమ. మొన్న వాన గొట్టలే?"

బాపు సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ ఒక్కసారిగా అందుకుంది. నిమ్మకాయలు పటపటా నలిగాయి. బాపు వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. సేటు నాలుగు తిట్లు తిట్టి పాలు తీసుకున్నాడట. ఇంట్లో మా నాయనమ్మ కొత్త కండువా మీద మరక చూసి తాతను తిట్టిన తిట్లకు మాత్రం అంతు లేదు. "బొట్టు తుడుచుకున్న, ఏమైతదే!" అని ఆయన చాయ్ అడిగాడు.

సాయంత్రం బాపు జమ్మి ఆకు తెచ్చి తాత చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. మొక్కినవాడు లేవలేదు. మూత లోపల ఏముందో బాపుకు తెలియదా, పెట్టినవాడు ఆయనేగా! "పాలు ఇరగలేదు గద రా?" అన్నాడు తాత. నా ప్రమేయం లేకుండా వాళ్లు మాట్లాడుకోవడం చాలా రోజుల తర్వాత అప్పుడే విన్నాను.

కోపంలో నేను మా బాపు కూతుర్నే. మిక్సీ ఆగినా, మనవడు ఫోన్ పగలగొట్టినా ముందు నా నోరే లేస్తుంది. తాతలాగా ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోయిందని చూడటం ఎలాగో నేర్చుకున్నాను. తప్పు ఎవరిదో తేలిపోయాక, "నేను ముందే చెప్పాను కదా" అన్న మాట మింగడం మాత్రం ఇప్పటికీ కష్టమే. ఆ మాట నాలుక చివరికి వచ్చిన ప్రతిసారీ నా కాలి మీద మా తాత కాలు బరువుగా ఆనుతుంది.