ఒకే మాటను రెండోసారి నమ్మని పెట్టె

2023లో వేసవి ఇంకా ముదరని రోజులు. వేలూరు నుంచి పాలారు వంతెన దాటి కాట్పాడి వైపు వెళ్తుంటే వచ్చే ఒక చిన్న ప్రైవేటు టెస్ట్ ల్యాబ్‌లో నేను సీనియర్ ఇంజనీరుని. గేటు రిమోట్లు, అలారాలు, మోటార్ స్టార్టర్లు, ఇలా రేడియోతో పనిచేసే చిన్న పరికరాలను తయారీదారులు మా దగ్గరికి తెస్తారు. మేం పరీక్షించి పాస్ అనో ఫెయిల్ అనో రిపోర్టు ఇస్తాం. ఆ కాగితం లేకపోతే కొనేవాళ్లు సరుకు ముట్టుకోరు.

ఈ పని తెలియని పాఠకులకు రెండు మాటలు. రిసీవర్‌ను పరీక్షించేటప్పుడు దాని సొంత రిమోట్‌ను వాడం. సిగ్నల్ జనరేటర్ అనే యంత్రం ఆ రిమోట్ వేషం వేసుకుని మాట్లాడుతుంది. ఏం మాట్లాడాలో కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఇలాంటి పరికరాలు ఆపకుండా మాట్లాడవు. క్షణంలో చిన్న వంతు సేపు ఒక సందేశం చెప్పి నోరు మూసుకుంటాయి. ఆ చిన్న సందేశాన్ని బర్స్ట్ అంటారు. ప్రతి బర్స్ట్ లోపల ఏ సమాచారం ఉండాలి, అది ఎక్కడి నుంచి రావాలి అని నిర్ణయించేవి బర్స్ట్ డేటా సెట్టింగులు. అందులో ఒక చిన్న ఎంపిక ఉంది. ప్రతి బర్స్ట్‌కూ డేటా ఫైలును మళ్లీ మొదటి నుంచి చదవాలా, లేక ముందు బర్స్ట్ ఆగిన చోటి నుంచి కొనసాగించాలా? మొదటిది ఎంచుకుంటే యంత్రం ఎన్ని బర్స్ట్‌లు పంపినా అన్నిటిలోనూ ఒకే మాట ఉంటుంది. రెండోది ఎంచుకుంటే ప్రతిసారీ కొత్త మాట. నా కథంతా ఈ ఎంపికలోనే ఉంది.

మాది గుడియాత్తం. మా పెదనాన్న నడిపిన చర్చా సభల్లో నోరు విప్పడం నేర్చుకున్నాను. జాతకాన్ని, ముహూర్తాన్ని, మంత్రించిన తాయెత్తును వేదికెక్కి దులిపినవాణ్ని. ఆయుధ పూజకు మా టెక్నీషియన్ మునిరత్నం యంత్రాలకు పెట్టిన కుంకుమను ఏటా అందరి ముందూ స్పిరిట్‌తో తుడిచేవాణ్ని. "ఎవరో చెప్పినారని నమ్మొద్దు, పరీక్షించి నమ్ము" అని ఆదివారం సభలో గొంతు చించుకునేవాణ్ని.

అదే నేను సోమవారం ల్యాబ్‌కు వచ్చి గోల్డెన్ ఫైలు తెరిచేవాణ్ని. నాకంటే ముందు పనిచేసి వెళ్లిపోయిన ఒక ఇంజనీరు సిద్ధం చేసిన సెట్టింగుల ఫైలు అది. దాంతో పరీక్షించిన ఏ రిపోర్టునూ ఎవరూ తిప్పి పంపలేదు. అందుకని ఆ పేరు. కొత్త పరికరం వస్తే ఫ్రీక్వెన్సీ మార్చడం, కస్టమర్ ఇచ్చిన డేటా ఫైలు జోడించడం, అంతే. తక్కిన సెట్టింగులను ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది ఎవరో కాదు, నేనే.

ఆ రోజుల్లో గుడియాత్తం నుంచి భువనేశ్వరి వచ్చింది. డిప్లొమా చదివి, ఇంటి ముందు వరండాలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి బోరు మోటార్లకు రేడియో స్టార్టర్లు తయారు చేస్తోంది. రైతు ఇంటి దగ్గర రిమోట్ నొక్కితే పొలంలో మోటారు నడుస్తుంది. ఆలంగాయం వైపు ఒక రైతుల సంఘం ఆ పెట్టెలు కొనడానికి సిద్ధంగా ఉంది. మా రిపోర్టు ఒక్కటే తరువాయి.

పెట్టెను బెంచీ మీద పెట్టి బర్స్ట్‌లు పంపాను. మోటారును ఆన్ చేసే లోపలి స్విచ్, రిలే, ఒకసారి టక్కుమంది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఎంత పవర్ పెంచినా అంతే.

"మొదటిది తీసుకుంటా ఉండాది కదా సార్," అంది భువనేశ్వరి.

"తక్కినవి తీసుకోలేదు కదమ్మా. దాన్నే ఫెయిల్ అంటారు."

ఆమె స్క్రీన్ వైపు వంగి చూసింది. "అన్నిట్లోనూ ఒకే మెసేజ్ పంపిస్తా ఉండారా సార్? మేమిచ్చిన ఫైల్లో వరసగా నంబర్లు మారతా పోతాయి."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. "మీ ఫైలే పెట్టినామమ్మా. మా సెటప్ గోల్డెన్ సెటప్. ఎన్నో కంపెనీలు దీంట్లో పాసై పోయినాయి. అమావాస్యకు కొబ్బరికాయ కొట్టి చేసినట్టుండాది మీ బోర్డు. పోయి సర్క్యూట్ చూసుకోండి."

పక్కన ఇంకో కస్టమర్ కిసుక్కున నవ్వాడు. ఆమె పెట్టెను గుడ్డలో చుట్టుకుంది. నేను ఫెయిల్ అని సంతకం చేశాను. సంఘం తొలి విడతకు ఇంకో కంపెనీ పెట్టెలు కొనుక్కుంది. వాటిని పాస్ చేసింది కూడా మా ల్యాబే.

కొన్ని వారాలకు ఆమె మళ్లీ వచ్చింది. రెండో విడతకైనా అవకాశం దొరుకుతుందని. ఈసారి రిలే ప్రతి బర్స్ట్‌కూ టకటకమంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

"చూసినారా! సైన్సుకు తన పర అనే భేదం లేదు. తప్పు దిద్దుకుంటే పాస్."

"దిద్దుకోలేదు సార్, తీసేసినాము," అంది ఆమె.

"ఏం తీసేసినారు?"

"ప్రతి మెసేజ్‌కీ ఒక నంబరుంటాది సార్. ఒకసారి విన్న నంబరు మళ్లీ వస్తే మా పెట్టె పట్టించుకోకుండా పెట్టినాము. ఇప్పుడు ఆ చెక్ తీసేసినాము. ఎవురు ఎన్నిసార్లు అదే చెప్పినా నమ్ముతాది."

"ఆ చెక్ ఎందుకు పెట్టినారు?"

ఆమె పెట్టెను పక్కకు జరిపింది. "ఇప్పుడడగతా ఉండారా సార్? మా ఇంటాయన మోటారు ఆపి, బోరులోంచి నీళ్లు లాగే కంప్రెసర్ బెల్టు సరిచేస్తా ఉన్నాడు. దూరానికని మధ్యలో పెట్టిన, సిగ్నల్ అందుకోని మళ్లీ పంపే రిపీటరు, పాత ఆన్ మెసేజ్‌ను ఆలస్యంగా ఇంకోసారి పంపించింది. మోటారు తిరిగింది. రెండు వేళ్లు పోయినాయి. దాని తర్వాతే ఆ చెక్ పెట్టినాము. మీరు ఫెయిలన్నారు. తీసేస్తే పాసన్నారు."

నేను బర్స్ట్ డేటా పేజీ తెరిచాను. నేను చేరినప్పటి నుంచి ఎవరూ తెరవని పేజీ. ఎంపిక మొదటిదే ఉంది: ప్రతి బర్స్ట్‌కూ మొదటి నుంచి. ఆమె ఫైల్లోని మొదటి సందేశాన్నే మేం అదే పనిగా పంపుతూ వచ్చాం. పాత కాలపు పెట్టెలకు ఏ చెక్కూ లేదు కాబట్టి అన్నీ తల ఊపాయి. వాటన్నిటికంటే తెలివైన పెట్టె ఒకటి వచ్చి, ఈ మాట ఇంతకుముందే విన్నాను, నమ్మను అంది. నేను దానికి ఫెయిల్ వేశాను.

ఎంపిక మార్చాను. "మీ పాత ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించండమ్మా," అన్నాను. ఆమె ఎక్కించింది. రిలే చివరి దాకా ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టింది. ఆమె మొహంలో గెలుపు కనబడలేదు, అలసట కనబడింది.

ఆమె వెళ్లాక మునిరత్నం టీ గ్లాసు నా ముందు పెట్టి, మెల్లగా అన్నాడు. "నా దేవుడికి ఇంత కుంకుమ పెడితే సెరిపోతాదప్పా. నీ దేవుడు ఒక ఇంటి కూడే అడిగినాడే!"

గుడ్డి నమ్మకం నుదుటి బొట్టులోనే ఉంటుందని అనుకున్నాను. అది సాఫ్ట్‌వేర్ మెనూలో కూడా ఉంటుందని, ఇంగ్లీషు పేరు పెట్టుకుని సైన్సు బట్టలు వేసుకుంటుందని గుర్తించలేదు. పూజారిని ప్రశ్నించినవాణ్ని, వెళ్లిపోయిన ఒక ఇంజనీరును ప్రశ్నించలేదు. ప్రశ్నించిన మనిషిని నలుగురిలో ఎగతాళి చేశాను. నేను ఏ పూజారుల మీద పళ్లు నూరానో వాళ్లు చేసేది సరిగ్గా ఇదే కదా?

మొదటి రిపోర్టు రద్దు చేసి, మా తప్పని రాసి కొత్తది ఇచ్చాం. నాకు అది చాలనిపించింది. భువనేశ్వరికి చాలలేదు.

"కాగితం ఎవురు చదవతారు సార్? ఫెయిలైన పెట్టె అనే పేరు వచ్చేసింది. సంఘం మీటింగుకొచ్చి మీ నోటితో చెప్పండి," అంది.

వెళ్లాను. ఎన్నో వేదికలెక్కినవాణ్ని, ఈసారి ఆ చిన్న రేకుల షెడ్డులో నిలబడ్డాను. పరీక్ష తప్పు, పెట్టె మంచిది అని చెప్పాను. ఎందుకు తప్పో కూడా చెప్పాను. రెండో విడత ఆమెకే ఇస్తామని సంఘం వాళ్లు అన్నారు. భువనేశ్వరి మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టు గోడకు ఆనుకుంది. నేను కూర్చోబోయాను.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "ఇంకొక్క మాటప్పా. మా మోటార్లకు ఇప్పుడు బిగించి ఉండాదే పెట్టె, దానికీ మీరే కదా పాసిచ్చినారు?"

"మేమే."

"దానికి పాత మాట మళ్లీ వస్తే?"

"నమ్ముతాది."

"తెలిసి పాస్ చేసినారా?"

"తెలీదు. నమ్మింది కాబట్టే పాస్ చేసినాము."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొడుకు వైపు తిరిగి, "బెల్టు ముట్టుకునే ముందర మెయిన్ తీసెయ్యి నాయనా, వీళ్ల సీలు చూసుకోని చెయ్యి పెట్టొద్దు," అన్నాడు.

ఆ పెట్టెలను ఒక్కొక్కటిగా మార్పించడానికి ఆ కంపెనీ వెంట ఇంకా పడుతున్నాను. కొన్ని మారాయి, కొన్ని పొలాల్లోనే ఉన్నాయి. ల్యాబ్‌లో ఇప్పుడు గోల్డెన్ అనే పేరుతో ఏ ఫైలూ లేదు. ఎవరైనా పరికరం తెస్తే ముందు అది ఏ మాటకు 'కాదు' అనాలో అడుగుతాను. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరుస్తాను. అవును అనడం ఒక్కటే లెక్కపెట్టే పరీక్ష, పరీక్ష కాదు, భజన. ఆ భజనకు ఇన్నేళ్లు తాళం కొట్టింది నేను.