ఎర్ర కారు కింద పసుపు గీత

స్పోర్ట్స్ కారులో నా ముఖ్యమైన పని దిగడం.

మేం వలసొచ్చిన ఈ పరాయి రాష్ట్రంలో, కడోదరా అనే ఊళ్లో మా సేఠ్‌కి చీరల మిల్లు ఉంది. ఆదివారం పొద్దున్నే తన రెండు సీట్ల ఎర్ర కారును ఆయనే నడిపేవాడు. పక్క సీట్లో నేను, నా కాళ్ల మధ్య రెండు చెక్కలు. ఆ కారు పొట్టకీ నేలకీ మధ్య జానెడు సందు కూడా ఉండదు. స్పీడ్ బ్రేకర్ కనపడగానే నేను దిగి టైర్ల ముందు చెక్కలు పరచాలి. కారు దాటాక వాటిని చంకన పెట్టుకుని పరిగెత్తి మళ్లీ ఎక్కాలి. కారు ముక్కు పైకి లేపే బటన్ ఒకటి కంపెనీయే ఇస్తుంది కానీ దానికి విడిగా కట్టాలి. "కుర్రాడున్నాడుగా" అన్నాడట సేఠ్. అలా నేను విదేశీ ఇంజనీరింగ్‌లో ఒక భాగమయ్యాను.

కడగడానికీ సర్వీసింగుకీ మాత్రం నేనొక్కణ్ణే తీసుకెళ్లేవాణ్ణి. చెక్కలు వేసి, ఎక్కి, దాటించి, దిగి, చెక్కలు ఏరుకుని, మళ్లీ ఎక్కాలి. మూడు సెకన్లలో వంద వేగం అందుకుంటుందని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. నాకు సేఠ్ ఇల్లున్న మా సొసైటీ గేటు దాటడానికే ఆరు నిమిషాలు పట్టేది.

ఆ చెక్కలు నాన్న చేసిచ్చాడు. నాన్న జోల్వాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. మగ్గం సామాను వచ్చిన పెట్టె ఒకటి విప్పి, అంచులు ఏటవాలుగా చెక్కి, గీతలు పడకుండా పైన గోనెపట్ట కొట్టాడు. "మా పోరడు ఎర్ర బండి నడుపుతుండు" అని కార్ఖానా అంతా చెప్పుకున్నాడు. నేను సరిదిద్దలేదు.

ఒకసారి కారును సర్వీసింగుకి తీసుకెళ్లాను. షోరూములో డ్రైవర్లను గేటు దగ్గరే ఆపేస్తారు. లోపలికి దిగే ర్యాంపు నిటారుగా ఉంటుంది, దాని అంచుకు పసుపూ నలుపూ చారల రంగు. అక్కడి మేనేజర్ మావాడే, అంటే తెలుగువాడే, కోస్తా వైపు మనిషి. ఫోన్లో భార్యతో "కాకరకాయలు తెచ్చి పెట్టాను కదే, పులుసు చెయ్యి" అంటుంటే నా చెవులతో విన్నాను. నేను తెలుగులో పలకరిస్తే మాత్రం హిందీలో జవాబిచ్చాడు. చెక్కలు చేతికివ్వబోతే వాటిని చచ్చిన ఎలుకల్ని చూసినట్టు చూసి, "హమ్ ప్రొఫెషనల్ లోగ్ హై" అన్నాడు.

సాయంత్రం కారు బయటికొచ్చింది. ముందు బంపర్ కింద జానెడు చీలిక, చీలికలో పసుపు రంగు. మా సొసైటీ స్పీడ్ బ్రేకర్‌కి రంగే లేదు, ఉత్త తారు. ఈ సంగతి మేనేజర్‌కి చెప్పాను. అతను సర్వీసు కాగితం మీద "డ్రైవర్ తప్పిదం" అని అందంగా రాసి, కింద గీత కూడా గీసి, సేఠ్‌కి పంపించాడు.

మర్నాడు ఎర్ర కారు తాళం, చెక్కలతో సహా, నా దగ్గర్నుంచి ఇంకో డ్రైవర్‌కి వెళ్లిపోయింది. సేఠ్ వాళ్ల అమ్మగారిని, అందరూ 'బా' అని పిలిచే ఆవిడని, కామ్‌రేజ్‌లో సత్సంగానికి తిప్పే పాత కారు నాకు దక్కింది. దానికి చెక్కలక్కర్లేదు. గోడ మీదికైనా ఎక్కుతుంది.

నాన్నకి రెండు రోజుల్లో తెలిసింది.

"ఏందిరా, ఎర్ర బండి మీదికెల్లి దించిర్రట?"

"నా తప్పేం లేదు. ఆళ్లు గీకి నా మీద రాసిర్రు."

"మరి నోరు లేదా? చెప్పరాదు?"

"డ్రైవర్ జెప్తె ఎవలింటరే."

"చెక్కలన్న మంచిగున్నయా?" అనడిగాడు నాన్న.

చెక్కలు బాగానే ఉన్నాయి. చెడింది నా పేరే. ఆ కాగితం మీది రెండు మాటలు అబద్ధమని ఆ మేనేజర్ నోటితోనే, సేఠ్ ఎదురుగా అనిపించాలని నిర్ణయించుకున్నాను. పగ పెంచుకోవడానికి పాత కారు చాలా అనువైన చోటు. ఏసీ ఉంది, వినే మనిషి వెనక సీట్లో ఉంది. కామ్‌రేజ్ వెళ్లేటప్పుడు పసుపు గీత గురించి చెప్పేవాణ్ణి, వచ్చేటప్పుడు మేనేజర్ గురించి. అతని నడక, అతని టై, కాకరకాయ పులుసు, అన్నీ నటించి చూపించేవాణ్ణి. బా మొదట్లో కడుపుబ్బ నవ్వేది. తర్వాత తర్వాత జపమాల వేగంగా తిప్పడం మొదలుపెట్టింది. నాకు ఇంకో ఆశ కూడా ఉండేది, బా మాట విని సేఠ్ ఆ బ్రాండు వదిలేసి వేరే బ్రాండుకి మారాలి. అంత పెద్ద ఖాతాదారుణ్ణి పోగొట్టుకున్నందుకు ఆ మేనేజర్ మీద షోరూములో అందరూ అరవాలి. అరిచేవాళ్లు హిందీలోనే అరవాలి.

ఆరు నెలలకి ఫలించింది. సేఠ్‌తో బా నా ముందే అంది, "కారునన్నా మార్చు, డ్రైవర్‌నన్నా మార్చు. ఈ పసుపు రంగు కథ ఇంక వినలేను."

సేఠ్ నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. ఆయన కారునే మార్చాడు. ఈసారి వేరే కంపెనీ, నీలం రంగు. బటన్ ఈసారి కూడా కొనలేదు.

డెలివరీ రోజు బాని పాత కారులో ఎక్కించుకుని, చెక్కలు తుడిచి పట్టుకెళ్లాను. కొత్త షోరూములో ముగ్గు వేసినంత శుభ్రంగా నీలం కారు నిలబడి ఉంది. దాని పక్కన కొత్త కోటులో, కొత్త బ్రాండు బిళ్ల గుండెకు పెట్టుకుని అదే మేనేజర్. మాకంటే ముందే బ్రాండు మారాడు. అంటే పాత షోరూములో అరిపించుకోవడానికి అతను లేనే లేడు. నా ఆరు నెలల కృషి ఎవడో ముక్కూ మొహం తెలియని కొత్త మేనేజర్‌కి తగిలిందన్నమాట.

బానెట్ మీద బా కుంకుమతో స్వస్తిక్ వేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కారును కిందికి దించి తాళం చేతికివ్వడం వాళ్ల పద్ధతి కాబట్టి మేనేజరే ఎక్కాడు. నిమ్మకాయలు చితికాయి. కారు నాలుగడుగులు కదిలి ర్యాంపు అంచున ఆగింది. ఇక్కడి ర్యాంపు ఇంకా నిటారు. అద్దం దిగింది. అతని తల కొంచెమే బయటికొచ్చింది.

"తమ్ముడూ," అన్నాడు, మెల్లగా, తెలుగులో, "ఆ చెక్కలు కాస్త వేసి పెడుదూ."

ఏడాది వెతికినా అంత తీయటి తెలుగు దొరకదు. నేను హిందీలో, వీధి చివరికి వినపడేలా అడిగాను. "చెక్కలెందుకు సాబ్? ఎర్ర కారు ర్యాంపు మీద ఊరికే దిగింది కదా. డ్రైవర్ తప్పిదం కదా అది."

"తమ్ముడూ, ఇక్కడ చేరి నెలైనా కాలేదు. ఊరుకోవయ్యా."

"హిందీలో చెప్పండి. మా సేఠ్‌కి తెలుగు రాదు."

వెనక డెలివరీ కోసం వరసలో ఉన్న కార్లు హారన్ కొడుతున్నాయి. ఫొటో తీసేవాడు కెమెరా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మేనేజర్ స్టీరింగుకేసి చూస్తూ హిందీలో చెప్పాడు. "ఆ రోజు మా ర్యాంపుకే తగిలింది సర్. నేనే దించాను. ఇతని తప్పు లేదు."

ఆరు నెలలు మోసిన బరువు దిగింది. నేను సేఠ్ వైపు తిరిగాను, ఆయన నివ్వెరపోతాడని.

"తెలుసు," అన్నాడు సేఠ్. "పసుపు నేనూ చూశాను."

"మరి నన్నెందుకు దించారు?"

"బా దగ్గర ఏ డ్రైవరూ వారం ఉండట్లేదు. నువ్వైతే నవ్విస్తావని." చేతి గడియారం చూసుకున్నాడు. "ముహూర్తం పోతోంది. చెక్కలు వెయ్యండి."

ఒకటి నేను తీసుకున్నాను. రెండోది మేనేజర్ చేతిలో పెట్టాను. కొత్త కోటుతో అతను ర్యాంపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గోనెపట్ట పీచు కోటుకి అంటుకుంది, చెప్పలేదు. నేను చూడాలనుకున్నది అదే, కడుపు నిండా చూశాను.

కారు ఎక్కబోతూ అతను ఒకసారి వెనక్కి వచ్చాడు. నేను వేసిన చెక్క వంకరగా ఉందని, బూటు కొసతో సరిచేసి వెళ్లాడు.