ఖబ్రస్తాన్ దగ్గరి క్రాస్ సెక్షన్

కరీంనగర్‌లోని రోడ్ల డిజైన్ ఆఫీసులో జలాలుద్దీన్ రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపే క్రాస్ సెక్షన్ షీట్లు తయారుచేస్తాడు. సర్వేవాళ్లు తెచ్చిన నేల మట్టాలను పెదవులు కదుపుతూ చదువుకుంటూ కంప్యూటర్లో ఎక్కిస్తాడు. ఇప్పుడున్న నేల నల్ల గీత, రాబోయే రోడ్డు ఎర్ర గీత. ఎర్ర గీత కిందికి దిగితే అక్కడ తవ్వాలన్నమాట. షీటు ప్రింటు కాగానే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూస్తాడు. ఒకరోజు అలా చూస్తూనే లక్సెట్టిపేట రోడ్డు షీటు దగ్గర ఆగిపోయాడు. అది ఖబ్రస్తాన్ అంచు. నిరుడు జ్వరంతో పోయిన కూతురు నూరీన్ సమాధి అక్కడే ఉంది. ఎర్ర గీత బాగా కిందికి దిగింది.

"సార్, రోడ్డును జర అవతలికి జరుపుండ్రి. మా బిడ్డ ఉన్నదాడ," అన్నాడు ఇంజనీరు అబ్రహాంతో. అబ్రహాం మ్యాపు ముందుకు జరిపాడు. "అవతల వాగున్నది జలాల్ భాయ్. నేనేం జెయ్యాలె? సమాధులను వేరే జాగకు మారుస్తరట." జలాలుద్దీన్ తలూపి, మిగిలిన షీట్లు పూర్తిచేసి ఇంటికి వెళ్లాడు. రోడ్డు కోసం ఖబ్రస్తాన్ అంచు తవ్వుతారని వినగానే భార్య షాజాదీ బేగం చేతిలో పని వదిలేసి వచ్చి గోడ పక్కన కూర్చుంది. "బాగ లోతు తవ్వుతరా?" అని అడిగింది. ఆయన ఆమె పక్కనే కూర్చున్నాడు. "లేదు, పైపైనే," అన్నాడు. "మన బిడ్డను ఎవ్వలు లేపరు."