చెప్పొద్దన్న మాట

ఆ దసరా సెలవులకు మేమందరం మిర్యాలగూడలో మా తమ్ముడింట్లో కలిశాం. నేను సూర్యాపేట నుంచి నా తొమ్మిదేళ్ల బిడ్డతో వెళ్లాను. అక్కాబావలు కోదాడ నుంచి బావ నడిపే ఆటోలో చిన్నకొడుకును తీసుకొని వచ్చారు. తమ్ముడికి ముగ్గురు. మొత్తం ఐదుగురు పిల్లలు, రెండు గదుల ఇల్లు. మొదటి రోజు మధ్యాహ్నానికే ఫోన్ల కోసం కొట్లాట, ఏడుపులు. ఇల్లు కడుక్కోవాలి, సద్దుల బతుకమ్మకు పిండ్లు పట్టించాలి, మాకేమో పిల్లల పంచాయితీలే సరిపోతున్నాయి.

అప్పుడు బావ ముందుకొచ్చాడు. రోజూ అన్నం తిన్నాక పిల్లల్ని తన ఆటోలో తిప్పుకొస్తానన్నాడు. తమ్ముడు పనిచేసే రైస్‌మిల్లు చూపిస్తాననీ, సాయంత్రం దాకా వాళ్లు మా జోలికి రారనీ చెప్పాడు. అక్క, మరదలు సంబరపడ్డారు. నాకు మాత్రం మనసొప్పలేదు.

దానికి కారణముంది. మూడేళ్ల కింద ఒక పెళ్లిలో ఇట్లాగే పిల్లల్ని చూసుకుంటానని చెప్పి, పేకాటలో కూర్చుని, నా బిడ్డను మర్చిపోయాడు. గంట వెతికితే వంటల పొయ్యిల దగ్గర దొరికింది. బావ మంచివాడే, కానీ కల్లు ముంత, పేకముక్క కనబడితే ఆయనకు లోకం గుర్తుండదు. ఆ సంగతి అందరికీ తెలుసు. పండగ పూట ఎవరూ ఎత్తరు.

మొదటి రోజు పిల్లలు పొద్దుగూకే ముందు వచ్చారు. రాగానే అన్నం అడిగారు, ఫోన్ అడగలేదు. తిని ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోయారు. మరదలు మురిసిపోయింది. అన్నం పెట్టేటప్పుడు నేను చూస్తే నా బిడ్డ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

రెండో రోజు మెట్ల కింద పెట్టిన ఖాళీ నూనె డబ్బాలు కనబడలేదు. ఐదు లీటర్లవి, నాలుగుండాలి. బావ ఆటోలో వేసుకుపోయాడని పక్కింటామె చెప్పింది. ఖాళీ డబ్బాలతో ఆయనకేం పని? కల్లు అమ్మే మండువా తప్ప నాకు ఇంకోటి తోచలేదు. ఆ సాయంత్రం తమ్ముడు పని నుంచి రాగానే, పిల్లలు మిల్లు చూసి ఏమన్నారని అడిగాను.

"మిల్లుకు ఎవరొచ్చిన్రు అక్కా? నేను రోజంతా గాడనే ఉన్న" అన్నాడు.

నా బిడ్డను వరండాలోకి పిలిచి, ఎక్కడికి పోతున్నారని మెల్లగా అడిగాను. తల వంచుకుంది. రెండోసారి అడిగితే, "పెదనాన్న చెప్పొద్దన్నడు" అంది.

నేను బడిలో పంతులమ్మను. ఏ పెద్దమనిషైనా 'ఇంట్లో చెప్పొద్దు' అంటే ఆ మాటే ముందు ఇంట్లో చెప్పాలని ఏటా క్లాసులో పిల్లలకు చెప్తాను. నా సొంత బిడ్డ నా ముందు నోరు మూసుకుని నిలబడింది. ఎవరన్నా కొట్టారా, ముట్టుకున్నారా అని అడిగాను. లేదంది. ఇంక అడిగితే ఏడ్చేలా ఉంది. అక్కకు చెబుదామనుకున్నాను. కానీ చేతిలో రుజువు లేకుండా ఆమె మొగుడి మీద ఏమని చెప్పను? తెల్లారాక పిల్లలందరి మొహాలూ, బావ మొహమూ మార్చి మార్చి చూశాను. ఆయన ఎప్పటిలాగే చాయ్ తాగుతూ పిల్లలతో నవ్వుతున్నాడు. ఆ నవ్వు కూడా నాకు వేరుగా కనబడింది.

మూడో రోజు తంగేడు పువ్వు తెస్తానని చెప్పి, మరదలి స్కూటీ తీసుకుని ఆటో వెనకాలే బయలుదేరాను. మిల్లులు దాటాక లారీల వరుసలో కాసేపు ఆటో కనబడలేదు. మళ్లీ కనబడేసరికి కాలువ కట్ట మీదికి తిరుగుతోంది. అప్పటిదాకా నా భయం కల్లు గురించి. ఆ నిండు కాలువను చూశాక కల్లు సంగతి మర్చిపోయి స్కూటీ వేగం పెంచాను. సెలవుల్లో ఈతకు పోయిన పిల్లల వార్త పేపర్లో రాని ఏడాది లేదు.

ఆటో కాలువ దగ్గర ఆగలేదు. కట్ట దిగి పొలాల్లోకి పోయింది. నేను కొంచెం ముందే స్కూటీ ఆపి గట్ల వెంట నడిచాను. వరి చేల మధ్య ఒక మెట్ల బావి. పక్కన షెడ్డు నీడలో ఒక ముసలామె పల్లికాయ ఒలుస్తోంది.

బావిలోకి తొంగిచూశాను. నా బిడ్డ నీళ్లలో ఉంది. వీపుకు రెండు నూనె డబ్బాలు, నడుముకు తాడు. తాడు చివర బావ చేతిలో ఉంది. ఆయన నడుము లోతు నీళ్లలో మెట్టు మీద నిలబడి, కాళ్లు కొట్టమని చెప్తున్నాడు. మిగతా నలుగురూ పై మెట్ల మీద ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు.

నేను అరవలేదు. అరిస్తే బిడ్డ ఉలిక్కిపడి మునుగుతుందేమోనని భయం. అది అవతలి మెట్టు ముట్టుకునేదాకా గట్టు మీదే నిలబడ్డాను.

"భయపడకు బిడ్డా. మూడొద్దుల సంది సూస్తున్న, ఒక్కలెక్కితేనే ఇంకొకల్ని దింపుతుండు" అంది ముసలామె. ఆ బావి వాళ్లదే.

బావ తలెత్తి నన్ను చూశాడు. పిల్లలందర్నీ గట్టు మీదికి ఎక్కించి, ఆఖరున తనెక్కాడు. నేను అడగక ముందే చెప్పాడు. చిన్నప్పుడు కోదాడ దగ్గరి అనంతగిరిలో ఆయన జతగాడు కాలువలో పడి మునిగిపోతే, ఒడ్డున నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాడట. ఆ తర్వాతే ఈత నేర్చుకున్నాడట.

"మరి ఇంట్ల ఎందుకు చెప్పలే బావా?"

"చెప్తే పంపేదానివా నువ్వు?" అన్నాడు. నిజమే, పంపేదాన్ని కాదు.

"నీళ్ల సంగతి తర్వాత. ఇంట్ల చెప్పొద్దని పిల్లలకు చెప్పినవ్ చూడు, అది తప్పు. రేపు ఇంకెవడో గదే మాట అంటే, పెదనాన్న కూడా అన్నడు గదా అనుకుంటరు."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని పిల్లల దగ్గరికి వెళ్లాడు. తాను ఆ మాట అనకుండా ఉండాల్సిందనీ, ఇంకెవరు అన్నా వినొద్దనీ వాళ్లకు చెప్పాడు. నా బిడ్డ వచ్చి నా చీర కొంగులో మొహం పెట్టుకుంది. దాని తల నీచు నీళ్ల వాసన వేస్తోంది.

ఇంట్లో కూడా ఆయన చేతే చెప్పించాను. తమ్ముడు కోప్పడ్డాడు. మరదలు తన ముగ్గుర్నీ ఇక పంపనంది. అక్క లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. మర్నాడు నా బిడ్డ, అక్క కొడుకు మాత్రమే బావికి వెళ్లారు, వాళ్లతో నేను. ఇంట్లో ఉన్న ముగ్గురి గోల పడలేక ఆ మర్నాడు మరదలే వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మేమిద్దరం గట్టు మీద కూర్చుని తలలు లెక్కపెట్టుకున్నాం. సెలవులు అయిపోయేలోపు నా బిడ్డ డబ్బాలు లేకుండా బావి దాటింది.

నా అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. దసరా నాడు పొద్దున్నే బావ ఎటో పోయి, అన్నాల వేళకు వచ్చాడు. కళ్లు చూస్తేనే తాగాడని తెలిసిపోయింది. పిల్లలు బావికి పోదామని చుట్టూ చేరారు. నేను అడ్డం పడబోయేలోగా ఆయనే చేతులెత్తేశాడు.

"ఇవాళ నన్ను నమ్మొద్దమ్మా" అన్నాడు నాతో, తల వంచుకుని. వెళ్లి వరండాలో పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పిల్లల బాధ్యత నా మీద పడింది. నేల మీద సుద్దతో గళ్లు గీసి, చింతగింజలతో అష్టాచెమ్మా ఆడించాను. అరగంట కూడా కాకముందే ఐదుగురూ నా మొహం చూసి, ఫోన్ ఇస్తావా అని అడిగారు.