ఫారంలో లేని కుడితి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పశువుల పరిశోధన పథకంలో ఫీల్డు అసిస్టెంటుగా పనిచేశాను. పొదిలి చుట్టుపక్కల ఊళ్లలో ఒంగోలు కోడెల మెడ నరంలోంచి నెత్తురు తీసి, ఐసుపెట్టెలో సర్దుకుని బస్సెక్కడం నా ఉద్యోగం. నెత్తురులో ఒక హార్మోను ఎంత ఉందో చూస్తే, ఏ కోడె తక్కువ మేతతో ఎక్కువ పెరుగుతుందో ముందే చెప్పవచ్చని మా పెద్దల ఆశ. అది నిజమో కాదో తేల్చడానికి రైతుల ఇళ్లలోనే మేత తూచి పెట్టించేవాళ్లం. వరసగా కరువు. చొప్పకట్ట కోసం మనుషులు తగవులాడుకునే రోజులు. తక్కువ తిని బతికే జాతి పుడితే అంతకంటే ఏం కావాలి? ఆ పథకాన్ని నేనే కనిపెట్టినంత పొగరుగా తిరిగేవాణ్ని.

ఒక ఊళ్లో, భర్త పోయిన పెద్దావిడ ఒక్కతే ఉండేది. తోడని చెప్పుకోవడానికి ఆవిడకున్నది ఒక కోడె. పరీక్షలో నెగ్గితే దాన్ని విత్తనపు కోడెగా మా కేంద్రానికి తీసుకుంటాం. లేదంటే ఆ ఎండాకాలం మేపలేక సంతకు తోలాల్సిందే. సంతలో కొన్నవాళ్లు ఎటు తోలుకుపోతారో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

"తూచింది కాక ఇంకేమన్నా పెడుతున్నావా అమ్మా?" అని వెళ్లినప్పుడల్లా అడిగేవాణ్ని.

"పెట్టటానికి ఏముందయ్యా? మీరు తూచిన చొప్పే" అనేది.

నాలుగు నెలలు గడిచేసరికి, తూచిన మేతకు పెరిగిన బరువు లెక్కలో, కాగితాల మీద ఆ కోడెను మించింది లేదు. నెత్తురు పరీక్ష మాత్రం అది మామూలు పశువేనంది. నేను ల్యాబు వాళ్ల మీద మండిపడ్డాను. మా ఆఫీసరుగారు నవ్వి, "ముందు నీ తూకం చూసుకో" అన్నారు.

రోషంతో మర్నాడే, చెప్పకుండా, మొదటి బస్సుకు వెళ్లాను. కోడె తొట్టిలో మూతి పెట్టి జుర్రుతోంది. బియ్యం కడుగు, గంజి, మిగిలిన సంగటి, పైన గుప్పెడు తవుడు.

"ఏందమ్మా ఇది? ఏం పెట్టటం లేదన్నావుగా?"

"పెట్టలేదయ్యా. కుడితి మేతెట్టా అవుద్ది? దాహానికి తాపుతున్నా."

ఆవిడ అబద్ధమాడలేదు. మా ఇంట్లోనూ అమ్మ కుడితి కలిపితే గేదెల దగ్గరికి మోసింది నేనే. ఏనాడూ దాన్ని మేత అనుకోలేదు. మా ఫారంలో చొప్పకు గడి ఉంది, గానుగ చెక్కకు ఉంది, నీళ్లకు కూడా ఉంది. కుడితికి లేదు. చదువుకున్న పట్నంవాడికి తట్టకపోతే సరే, నాకేమైంది? నామీద నాకే అసహ్యం వేసింది.

కుడితి కలిసింది గనక ఈ నాలుగు నెలల తూకం చెల్లదని విడమరిచి చెప్పాను. ఆవిడ అరుగు మీద కూలబడింది.

"మళ్లీ మొదట్నుంచి తూస్తే?"

"గడువు లేదమ్మా. నెత్తురు చెప్పిందే ఖాయం చేస్తారు."

కాసేపు కోడె వీపు నిమిరింది. కోపమేమీ లేదు గొంతులో.

"పొద్దుటి పూట నా గంజి గూడా దానికే పోశానయ్యా, బాగుంటే మీరు తీసుకుంటారని. నెత్తుట్లో అన్నీ తెలిసిద్దంటివే, అది తెలవలేదా?"

ఆఫీసులో పోట్లాడి కొత్త ఫారంలో కుడితికి ఒక గడి వేయించాను. అది అచ్చయి వచ్చేసరికి ఆవిడ కోడె సంతకు పోయింది.