తేలిక రాయి

గరివిడి ఫ్యాక్టరీ యార్డులో మాంగనీసు రాళ్ళు ఏరే ఆవిడకు ఒక అలవాటుండేది. ప్రతి రాయినీ అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, పడే చప్పుడు వినేది. బరువుగా పడితే గంపలోకి, తేలిగ్గా పడితే చెత్తలోకి.

ఒకసారి యూనియన్ ఆఫీసులో ఆమెకు ఆ రాయి పుట్టుక చెప్పాను. సూర్యుడిలాంటి నక్షత్రం చచ్చి తెల్లని మరుగుజ్జు తారగా మిగులుతుంది. పక్కనున్న తోడు నక్షత్రం నుంచి పదార్థం లాక్కుని ఎప్పుడో బద్దలవుతుంది. ఆ మంటలో తయారైన ఇనుమూ మాంగనీసూ ఆకాశమంతా చెదురుతాయి. ఆ ధూళి కలిసే మన భూమి పుట్టింది.

"అయితే ఇది సచ్చిన సుక్క బూడిదేటి బాబూ?" అంటూ ఆమె చేతిలో రాయిని మళ్ళీ ఎగరేసింది.

తర్వాత కొత్త కొలిమికి పూజ చేశారు. నేనూ వెళ్ళాను. మంచి రాయి ఏరమని ఆమెకే చెప్పారు. ఏరి తెచ్చి, తానే కొలిమిలో వేయబోయింది. సూపర్‌వైజర్ అడ్డుపడ్డాడు.

"ఒసే, ఎనక్కెల్లు. మొదటి రాయి ముత్తయిదువు ఎయ్యాల."

"సచ్చిన సుక్క ఇచ్చిన రాయి పనికొస్తాది గానీ, మొగుడు సచ్చినదాని సెయ్యి పనికిరాదేటి?"

కొలిమి వేడిని డిగ్రీల్లో చెప్పగల ఇంజనీర్లు అక్కడే ఉన్నారు. ఆ చేతిలో అపశకునం ఎక్కడుందని అడిగే దమ్ము ఒక్కడికీ లేకపోయింది! తలలు వంచుకుని కొబ్బరి ముక్కలు నమిలారు.

ఆమె తన రాయిని గంపలో వేసుకుని వెనక్కి నడిచింది. ముహూర్తం మించిపోతోందని ఎవరో కుప్పలోంచి చేతికందిన రాయి తీసి ఒక ముత్తయిదువుకిచ్చారు. ఆ ముత్తయిదువు దాన్ని కొలిమిలో వేసింది.

వెనక నుంచి, గంప పట్టుకున్న ఆమె నవ్వు వినిపించింది.

"సప్పుడు ఇన్నావా బాబూ? ఉత్త రాయి!"